బాలింత ఆకలి

పురిటి స్నానాలయి ఇల్లు కాస్త కుదుటపడ్డాక బాలింతరాలి నోట తరచుగా వినబడే మాట, "ఆకలేస్తోందమ్మా" అని. అన్నం తిని చెయ్యి కడుక్కుని గంట కాలేదు, బిడ్డకు పాలిచ్చి లేచిందో లేదో మళ్లీ ఆకలి. అర్ధరాత్రివేళ వంటింట్లో డబ్బాలు వెతుక్కున్న తల్లులు మనలో ఎంతమంది లేరు! "ఇప్పుడేగా తిన్నావు" అంటారు పెద్దవాళ్లు. రెండు మూడు నెలలు పోయేసరికి మరో దిగులు. పాత జాకెట్లు పట్టవు. బిడ్డకు పాలిస్తే ఒళ్లు దానంతటదే తగ్గుతుందని ఎవరో చెప్పే ఉంటారు, అది తగ్గదు. ఇంత ఆకలేమిటి, ఇంత ఒళ్లేమిటి అని ఆ పిల్ల తనలో తనే సిగ్గుపడుతూ ఉంటుంది.

ఈ ఆకలి ఈనాటిది కాదు. దీన్ని గురించి మన పూర్వులూ, తరవాత డాక్టర్లూ, ఆపైన శాస్త్రజ్ఞులూ ఏమన్నారో వరసగా చూసుకుంటూ వస్తే ఒక సంగతి తెలుస్తుంది. అందరూ బిడ్డను చూశారు, పాలను కొలిచారు. తల్లిని చూడటం మాత్రం చాలా ఆలస్యంగా మొదలయింది.

సుశ్రుత సంహితలో శారీరస్థానమని ఒక భాగం ఉంది. కోపం వల్లా, దుఃఖం వల్లా, బిడ్డ మీద వాత్సల్యం లేకపోవటం వల్లా పాలు ఎండిపోతాయని అందులో చెప్పారు. పాలు పడాలంటే ముందు ఆ తల్లి మనసు సంతోషపెట్టాలట. ఆ తరవాతే తిండి సంగతి. యవలు, గోధుమలు, వరి అన్నం, మాంసరసం, చేపలు, వెల్లుల్లి, శతావరి, పిణ్యాకం - ఇలా పెద్ద పట్టికే ఉంది. పిణ్యాకమంటే మరేమిటో కాదు, నూనె తీయగా మిగిలిన నువ్వుల పిండి. మన తెలగపిండి! బాలింతకు వెల్లుల్లి దండిగా వేసి తెలగపిండి కూర వండిపెట్టే అమ్మమ్మకు సుశ్రుతుడి పేరు తెలియకపోవచ్చు గాని, ఆవిడ చేస్తున్నది ఆ పట్టికలోని వంటే. కోస్తాలో పాలసొర చేప వండిపెట్టే తల్లులూ అంతే.

అయితే ఆ పట్టికలో మనకు మిగిలినవి కొన్నే. తక్కినవన్నీ పథ్యం కింద కొట్టుకుపోయాయి. చాలా ఇళ్లలో బాలింతకు పాతబియ్యం అన్నం, కారప్పొడి, కాస్త నెయ్యి, శొంఠి. పప్పు వాతం చేస్తుంది, ఆకుకూర బిడ్డకు పడదు, పెరుగు జలుబు, పళ్లు చలవ. మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చేవాళ్లు. రాత్రికి అన్నం లేదు. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి కలిపిన కాయం ఉండ ఒకటి పొద్దున్నే నోట్లో వేసుకోవాలి. మన పెద్దవాళ్లు చేసినదంతా తప్పని నేననను. నూనె మర్దనా, వేణ్ణీళ్ల స్నానం, బరువు పనులు చెప్పకపోవటం - ఇవి ఏ బాలింతకైనా వరాలే. తిండి దగ్గరే వచ్చింది చిక్కు.

కడుపుతో ఉన్నప్పుడూ ఇదే కథ. "ఎక్కువ తినకు, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం" అనటం మన దగ్గరే అనుకుంటాం. 1889లో జర్మనీలోని హాంబర్గులో ప్రోచోవ్నిక్ అనే డాక్టరు సరిగ్గా ఈ మాటే అన్నాడు. కటి ఎముక ఇరుకుగా ఉన్న గర్భిణులకు చివరి వారాల్లో అన్నపానాలు తగ్గిస్తే బిడ్డ చిన్నగా పుడుతుందని ఆయన పద్ధతి. ఆ రోజుల్లో కడుపుకోసి బిడ్డను తీయటం ప్రాణాపాయం గనక ఆయన ఆలోచనకు అర్థముంది. ఆపరేషను భయం తగ్గాక కూడా గర్భిణి బరువుకు కళ్లెం వేసే అలవాటు మాత్రం పోలేదు. అమెరికాలో 1960ల దాకా డాక్టర్లు 7 నుంచి 9 కిలోలకు మించి బరువు పెరగవద్దని కట్టడి చేసేవారు. 1970లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక వచ్చి, 11 కిలోల దాకా పెరగటం సబబేనని చెప్పింది.

తల్లి తిండి పాలల్లోకి ఎలా వెళుతుందో, వెళ్లకపోతే ఏమవుతుందో తెలియజెప్పిన విషాదం మాత్రం మన తెలుగునాట జరిగింది. ఉత్తర సర్కారులని పిలిచిన కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పుట్టిల్లు. మిల్లులొచ్చి పచ్చిబియ్యాన్ని తెల్లగా మరపట్టటంతో తవుడుతో పాటు థయామిన్ అనే విటమిన్ పోయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ బెడద అంతగా లేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది. తెల్లన్నం తినే తల్లికి కాళ్లు తిమ్మిర్లెక్కటం కన్నా పెద్ద బాధ ఉండకపోవచ్చు. ఆ పాలు తాగిన బిడ్డ రెండో నెల నుంచి అయిదో నెల లోపు, చూడటానికి బొద్దుగానే ఉండి, ఒక్కసారిగా గొంతు బొంగురుపోయి, ఊపిరాడక గంటల్లో పోయేవాడు. పాలు పుష్కలంగా ఉన్నాయి, బిడ్డ నిన్నటిదాకా నవ్వాడు. దిష్టి అనుకోక ఏమనుకుంటుంది ఆ తల్లి? ఈ శిశుమరణాల మీద ఎక్రాయిడ్, కృష్ణన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1941లో తమ పరిశోధన ప్రచురించారు. పప్పూ ఆకుకూరా మానిపించే పథ్యం అలాంటి తల్లికి ఏం చేసి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్రాయిడ్ పనిచేసిన సంస్థ నీలగిరుల్లోని కూనూరులో ఉండేది. 1918లో మెకారిసన్ దొర ఒకే ఒక గదిలో, బెరిబెరి సంగతి తేల్చటానికే మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్లే బస్సుల్లో మనం రోజూ చూసే సంస్థే.

కూనూరులోనే 1950లలో డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాలను కొలిచారు. ఎలాగంటారా? బిడ్డను పాలు తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి తూచటం. చాలీచాలని తిండి తినే తల్లులు కూడా రోజుకు అర లీటరు అటూ ఇటూగా నెలల తరబడి పాలిస్తున్నారనీ, ఆ పాలల్లో మాంసకృత్తులు బాగా తినే తల్లుల పాలతో పోల్చదగినంత ఉన్నాయనీ ఆయన పరిశోధన చెప్పింది. విటమిన్ల దగ్గరే వెలితి. బిడ్డల విషయంలో ఇది సంతోషించవలసిన సంగతే. కాని ఆ పాలు ఎక్కడి నుంచి వచ్చాయండీ? కంచంలో లేనిది తల్లి ఒంట్లోంచే రావాలి కదా!

1980 ప్రాంతంలో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పాలిచ్చే తల్లులకు రోజూ 700 కేలరీల పైచిలుకు అదనపు తిండి పెట్టి చూశారు. పాలు ఏమీ పెరగలేదు. తల్లుల ఒళ్లు మాత్రం కాస్త బాగుపడింది. దాన్ని బట్టి తల్లికి పెట్టిన తిండి వృథా అనుకునేవాళ్లూ ఉంటారు. తల్లికి అన్నం పెడితే తల్లి కోలుకోవటం ఫలితం కిందికి రాదా?

ఇక ఒళ్లు సంగతికి వద్దాం. 1964లో హిట్టెన్, లీచ్ అనే ఇద్దరు గర్భధారణ మీద రాసిన పుస్తకంలో గర్భిణి పెరిగే 12.5 కిలోల లెక్క విడదీసి చూపించారు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగిన రక్తం అన్నీ తీసేసినా దాదాపు 4 కిలోల దాకా మిగులుతుంది. అది కొవ్వు. తిండిపోతుతనం వల్ల చేరింది కాదు, పాలిచ్చే రోజుల కోసం ఒళ్లు ముందుచూపుతో దాచిపెట్టుకున్న గాదె. ముప్పావు లీటరు పాలల్లో సుమారు 500 కేలరీలుంటాయి, అంటే 150 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నంలో ఉన్నంత. వాటిని తయారుచెయ్యటానికి మరికొంత ఖర్చు. 1973లో ఐక్యరాజ్య సమితి నిపుణులు ఈ లెక్కే వేసి, కొంత ఆ గాదెలోంచి వస్తుందని తీసేసి, పాలిచ్చే తల్లికి రోజుకు 550 కేలరీలు ఎక్కువ కావాలన్నారు. గాదె నిండని పేద తల్లుల మాటేమిటని మనబోటివాళ్లం అడగాలి.

మరి గాదె ఉన్నవాళ్లకు అదెందుకు త్వరగా ఖాళీ కాదు? ఆకలి వల్లే. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను జంతువుల్లో ఆకలినీ పెంచుతుందని పరిశోధనలు తేల్చాయి. ఒళ్లు ఎంత ఖర్చు పెడితే అంత అడిగి తెచ్చుకుంటుంది. 1994లో కాలిఫోర్నియాలో కాథరిన్ డ్యూయీ బృందం పాలిచ్చే తల్లులతో వారాల తరబడి వ్యాయామం చేయించారు. పాలు తగ్గలేదు, బిడ్డల పెరుగుదల తగ్గలేదు. తల్లుల బరువూ తగ్గలేదు! వ్యాయామం చేసినవాళ్లు ఆ మేరకు ఎక్కువ తిన్నారు మరి.

1990లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 1,400 మందికి పైగా తల్లులను ఏడాది తరవాత తూచి చూస్తే, గర్భానికి ముందున్న బరువు కన్నా సగటున 1.5 కిలోలు ఎక్కువున్నారు. కొందరు ముందుకన్నా తగ్గారు, కొందరు 5 కిలోలకు పైగా పెరిగే ఉండిపోయారు. ఒకే వీధిలో ఇద్దరు తోడికోడళ్లకు ఒకేలా ఉండదన్న మాట. డెన్మార్కులో 30 వేల మందికి పైగా తల్లులను గమనించి 2008లో ప్రచురించిన లెక్కల్లో, ఎక్కువకాలం పాలిచ్చినవాళ్లకు బరువు కొంత తక్కువే మిగిలింది. కొంతే సుమా.

పస్తులుండనక్కర్లేదని చెప్పే పరిశోధన ఒకటుంది. 2000లో అమెరికాలో లవ్‌లేడీ అనే ఆవిడ బృందం, బరువు ఎక్కువున్న 40 మంది తల్లులను తీసుకుంది. బిడ్డకు నాలుగో వారం వచ్చాక మొదలుపెట్టి, వాళ్లలో ఒక జట్టు తిండిలో రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు ముప్పావుగంట వ్యాయామం చేయించారు. వారానికి అర కిలో చొప్పున తగ్గారు, బిడ్డలు మామూలుగానే పెరిగారు. అది పుష్కలంగా తినే ఆడవాళ్ల సంగతి, దగ్గరుండి చూసే డాక్టర్లున్న సంగతి. రక్తం లేక పాలిపోయిన మన పిల్లలకు దాన్ని అంటగట్టకూడదు. ఆకలి వేసినప్పుడు బిస్కెట్ల డబ్బా కాకుండా పప్పన్నమూ, గుడ్డూ, మజ్జిగా, గుప్పెడు వేరుశెనగలూ అందుబాటులో ఉంటే, అది ఏ తల్లికైనా మంచిదే.

మన దేశపు తాజా లెక్క 2020లో వచ్చింది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తరవాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలని అందులో ఉంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం గర్భిణులకూ, ప్రసవమయిన ఆరు నెలల దాకా తల్లులకూ 600 కేలరీల భోజనాన్ని హక్కుగా రాసింది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. ఆ భోజనం ఇంటికి పట్టుకెళ్లేది కాదు, అంగన్‌వాడీలోనే కూర్చుని తినాలి. ఇంటికి తీసుకెళితే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి వెళుతుందో నియమం పెట్టినవాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు.