పారేసే తొక్కకు పెద్ద చరిత్ర

వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనసను మర్నాడు కోస్తే ముందు చేతికొచ్చేది వేలెడు మందం తొక్క. తొనలు తిని దాన్ని పెంటకుప్ప మీద పడేస్తాం. ఆ పడేయడం నాకు ప్రాణం ఒప్పదు.

నిమ్మ జాతి పళ్లలో మధ్యధరా తీరాలకు మొదట చేరింది మాదీఫలం. దాంట్లో రసం నామమాత్రం, దాదాపు అంతా తొక్కే. సుమారు 2,300 ఏళ్ల క్రితం గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దాని గురించి రాస్తూ, ఈ పండును తినరని, బట్టల మధ్య పెడితే చిమట పట్టదని చెప్పాడు. ఆ పండే కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉంది. ఇదే జాతికి చెందిన బత్తాయి పేరులో డచ్చివారు 1619లో కట్టిన బటావియా, అంటే నేటి జకార్తా, వినిపిస్తుంది. కంచిలి దగ్గర రైలెక్కి హౌరాలో దిగితే అక్కడ పంపరపనసనూ అదే ఊరి పేరుతో బాతాబి లేబు అంటారు.

తొక్క మీద కనిపించే సన్నటి చుక్కలన్నీ నూనె తిత్తులు. దీపం దగ్గర పట్టి నారింజ తొక్కను నొక్కితే ఆ తుంపర మంటలో చిటపటలాడుతుంది. కరెంటు లేని రాత్రుల్లో పిల్లలకు అదే టపాకాయ. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్. నూనె తిత్తుల కింది తెల్ల పొరలోంచి 1828లో ఫ్రాన్సులో లెబ్రెటన్ అనే రసాయనవేత్త హెస్పెరిడిన్ అనే పదార్థం తీశాడు. 1936లో శాస్త్రవేత్త సెంట్-జార్జి బృందం నిమ్మ నుంచి తీసిన ఇలాంటి పదార్థాలకే విటమిన్ పి అని పేరు పెట్టింది. అవి విటమిన్లు కావని తర్వాత తేలింది. తొక్కకు మాత్రం శాస్త్రంలో చోటు దక్కింది.

మన అమ్మమ్మలు తొక్కలోని చేదును ఉప్పుతో లొంగదీశారు. దబ్బకాయను తొక్కతోనే ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడు రోజులు ఊరనిస్తారు. తెల్లగా బిగుసుకుని ఉన్న ముక్క మెత్తబడి, అద్దంలా నిగనిగలాడుతుంది. అప్పుడు కారం, మెంతిపొడి కలిపి, ఇంగువ పోపు పెడతారు. మెత్తబడకముందే కారం వేస్తే ముక్కలో చేదు అలాగే నిలిచిపోతుంది. పెరుగన్నంలోకి ఆ తొక్క ముక్కే కావాలి, పులుసు కాదు.

ఇక ఆ కాయనిచ్చే చెట్టు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ పనసనూ కూల్చేసింది. నష్టం లెక్కలు ఆ తోటలకు కట్టారు. పెరట్లో ఒంటిగా నిలిచే దబ్బచెట్టును ఎవరు లెక్కేస్తారు? బజారు పళ్లకు నిగారింపు కోసం మైనం పూస్తున్న రోజులివి. తొక్కను నిశ్చింతగా జాడీలో వేసుకోవాలంటే పెరటి కాయే మేలు. కొత్త కొబ్బరి మొక్క నాటేవాళ్లు బావిగట్టు పక్కన ఒక దబ్బమొక్కకూ చోటివ్వాలి.