సఫ్‌లో నిలబడ్డవాడిదే లుఖ్మా

మమ్మల్ని సరిదిద్దాలని అందరికీ ఆత్రమే. మీ తెలుగులో తురక యాస ఉందని ఒకరంటారు. మీ ఇళ్లలో ఉర్దూ లేదు, మీరేం ముసల్మానులని ఇంకొకరంటారు. ఇవి చాలవన్నట్టు మస్జిదు గుమ్మంలో మావాళ్ల నోటే మరో మాట: ‘మీకు నమాజు సరిగ్గా రాదు.’ జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో, వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డు దాకా, తెలుగే ఇంటిభాషగా బతికిన దూదేకుల, నూర్‌బాషాలకు ఈ మాట కొత్త కాదు. నమాజులో తప్పంటే ఏమిటి? దాన్ని దిద్దే హక్కు ఎవరిది? మమ్మల్ని కొట్టడానికి ఎత్తిన మతంలోనే దీనికి జవాబుంది.

1948 దాకా ఈ మెట్ట సరిహద్దు నేల. జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. నందిగామకు దగ్గర్లోని పరిటాల చుట్టూ బ్రిటిషు నేలే ఉన్నా, అది మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండేది. అటు 1884 నుంచి ఉర్దూ కచేరీ భాష. ఇటు ఉర్దూ కూడు పెట్టే భాష కాదు, మర్యాద ఇచ్చే భాష. పత్తి ఏకి, పరుపులు కుట్టి, రైతు ఇంటి గుమ్మంలో బేరమాడిన దూదేకులాయనకు అన్నీ తెలుగులోనే. దీన్ నేర్పే కితాబులు మాత్రం ఉర్దూలో వచ్చాయి. ముఫ్తీ కిఫాయతుల్లా రాసిన ‘తాలీముల్ ఇస్లాం’, మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఆడవాళ్ల కోసం రాసిన ‘బహిష్తీ జేవర్’ అలాంటివే. చదవలేనివాడు విని నేర్చుకున్నాడు. విని నేర్చుకున్నదాంట్లో సొంత నోటి యాస కలిసింది. ఆ యాసే నేరమైపోయింది.

ఈ నేరం సంగతి చూద్దాం. అరబ్బీలో సే, సీన్, సాద్ మూడు వేర్వేరు శబ్దాలు. జాల్, జే, జాద్, జోయ్ నాలుగు. తెలుగు నోట్లో ఇవి ‘స’గా, ‘జ’గా మిగిలాయి. మరి ఉర్దూ నోట్లో? రాతలో ఏడక్షరాలూ భద్రంగా ఉన్నాయి గానీ పలికేటప్పుడు ఆ మూడూ ఒకటే, ఈ నాలుగూ ఒకటే. ఉర్దూ ‘జే’ అరబ్బీకి మా ‘జ’ కంటే దగ్గరే, ఒప్పుకుంటాం. కానీ అరబ్బుకి ఇద్దరి యాసా తెలిసిపోతుంది. తర్వాతి కాలపు హనఫీ పండితులు ఈ ఇబ్బంది ఎరిగినవాళ్లే. తేడా పట్టుకోవడం కష్టమైన అక్షరాల దగ్గర మామూలు జనం తడబడితే నమాజు చెడదని వాళ్లలో చాలామంది చెప్పారు. తడబడుతూ, కష్టపడుతూ ఖురాను చదివేవాడికి రెట్టింపు పుణ్యమని హదీసే చెబుతోంది. నేర్చుకోనక్కర్లేదని కాదు. నేర్చుకునేవాణ్ణి వెక్కిరించే హక్కు ఎవరికీ లేదని.

నమాజులో తప్పులన్నీ ఒక్కటి కావు. హనఫీ లెక్కలో ఫర్జ్ వదిలేస్తే, అంటే రుకూయో సజ్దాయో పోతే, దాన్ని నమాజులోనే పూర్తి చేసుకోవాలి, లేకపోతే మొత్తం మళ్లీ చదవాలి. వాజిబ్ మరచిపోతే సజ్దా సహూ చాలు. చివరి ఖాదాలో అత్తహియ్యాత్ చదివి, కుడివైపు సలాం తిప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్లీ అత్తహియ్యాత్, దురూద్, దువా చదివి సలాంతో ముగించడం. సున్నత్ మరిస్తే ఆ సజ్దా కూడా అక్కర్లేదు. మొదటి ఖాదా మరచి పూర్తిగా లేచి నిలబడ్డవాడు వెనక్కి కూర్చోడు. ముందుకే సాగి చివర్లో సజ్దా సహూ చేస్తాడు. మూడు రకాతులా నాలుగా అని తరచూ అనుమానం వచ్చేవాడు మనసు గట్టిగా చెప్పినదాన్ని పట్టుకుంటాడు. మనసూ చెప్పకపోతే తక్కువ లెక్క తీసుకుంటాడు.

ఇందులో ఒక న్యాయం ఉంది. ఇమాం మరిస్తే సఫ్ మొత్తం అతనితో పాటు సజ్దా చేస్తుంది. వెనక నిలబడ్డ ముఖ్తదీ ఇమాం వెంట ఉంటూ ఏదైనా వాజిబ్ మరిస్తే వేరే సజ్దా లేదు. పెద్దవాడి మరపు అందరూ మోస్తారు, చిన్నవాడి మరపును జమాత్ కడుపులో పెట్టుకుంటుంది. ఊళ్లో జరిగేది దీనికి తలకిందులు కాదా?

ఈ సజ్దా చరిత్ర ప్రవక్త మరపుతోనే ముడిపడి ఉంది. ఒకసారి ఆయన నాలుగు రకాతుల నమాజును రెండింటికే ముగించారు. సఫ్‌లో అబూబకర్, ఉమర్ ఉన్నారు. వాళ్లకూ నోరు పెగల్లేదు. అడిగింది ‘జుల్ యదైన్’, అంటే పొడుగు చేతులవాడని జనం పిలిచే మనిషి. నమాజు తగ్గించారా, మీరు మరిచారా అన్నాడు. ప్రవక్త కోప్పడలేదు. జనాన్ని అడిగి నిజమని తేల్చుకుని, మిగతా రకాతులు పూర్తి చేసి, రెండు సజ్దాలు చేశారు. మరోసారి ముఆవియా బిన్ హకమ్ అనే మనిషి నమాజులోనే తుమ్మినవాడికి దీవెన పలికాడు. చుట్టూ వాళ్లు కళ్లెర్రజేశారు. ప్రవక్త మాత్రం తిట్టలేదు, కసరలేదు. ఇది మనుషుల మాటలకు చోటు కాదని నెమ్మదిగా చెప్పారు.

హనఫీ ఫిఖ్హ్‌లో ఇప్పుడు నమాజులో మాట్లాడితే నమాజు పోతుంది. అందుకే ఇమాం మరిస్తే మగవాళ్లు ‘సుబ్‌హానల్లాహ్’ అనాలి, ఆడవాళ్లు చేత్తో చేయి తట్టాలి. ఖిరాత్‌లో ఆగిపోతే వెనకవాడు మాట అందిస్తాడు. దాన్నే లుఖ్మా అంటారు. లుఖ్మా అంటే ముద్ద. తప్పు పట్టడం కాదు, ముద్ద అందించడం. దీనికో షరతుంది. నమాజు బయట ఉన్నవాడు అందించిన లుఖ్మాను ఇమాం తీసుకుంటే నమాజే చెడిపోతుంది. దిద్దేవాడు ముందు సఫ్‌లో చేరాలి.

బయటి లుఖ్మా ఎలాంటిదో టర్కీ చూసింది. 1932లో ప్రభుత్వం అజాన్‌ను తుర్కీ భాషలో ఇవ్వాలంది. 1950లో ఆ కట్టడి పోగానే అరబ్బీ అజాన్ తిరిగి వచ్చింది. అరబ్బీ రానివాడు ఫార్సీలో చదవొచ్చా అన్న చర్చ మాత్రం అంతకు పన్నెండు వందల ఏళ్ల కిందటే ఇమాం అబూ హనీఫా దగ్గర, ఆయన శిష్యుల మధ్య నడిచింది. ఒకటి హుకుం, ఇంకొకటి సఫ్ లోపలి మాట.

సఫ్‌లో చేరనివ్వకపోతే? ఆడవాళ్లకు చేయి తట్టే హక్కు ఉంది, కానీ మన మస్జిదుల్లో చాలావాటిలో వాళ్లకు సఫే లేదు. నమాజు కోసం ఆడవాళ్లు మస్జిదుకు రావచ్చని ముస్లిం పర్సనల్ లా బోర్డు సుప్రీంకోర్టుకు 2020లో అఫిడవిట్ ఇచ్చింది. కాగితం మీది అనుమతి గుమ్మం దాటాలి. దూదేకులాయనా అంతే. మొదటి సఫ్‌లో భుజానికి భుజం ఆనించి, తర్వాత సంబంధాల దగ్గర, సలహాల దగ్గర వెనక్కి నెడితే అది ఏ జమాత్?

మా నమాజులో తప్పులుంటే దిద్దండి, కాదనం. మమ్మల్ని ఉర్దూలోకి తోసేవాళ్లకూ, మస్జిదు బయట నిలబడి దేశభక్తి నేర్పేవాళ్లకూ చెప్పేది ఒక్కటే. మరిచినవాడికి మా దీన్ రెండు సజ్దాలు చాలంది. అవమానాన్ని ఎక్కడా వాజిబ్ చెయ్యలేదు. ముందు పక్కన వచ్చి నిలబడండి. ముద్ద అప్పుడు అందించండి, తీసుకుంటాం.