ప్యాకెట్లో ఆఖరిది

రాత్రి రెండు దాటింది. బయట వాన. పాప ఏడుపుకి మీకు మెలకువ వచ్చింది. మీ ఆవిడకి ఇందాకే కన్ను మూతపడింది, లేపబుద్ధి కాదు. ఫోన్ లైటు వేసి పాప నడుం కింద చెయ్యి పెడతారు. పక్కబట్ట పొడిగానే ఉంది. డైపర్ మాత్రం ఉబ్బిపోయి చేతికి బరువుగా తగులుతోంది.

పట్టీలు లాగుతారు. లోపలి పొర ఎక్కడో చిరిగినట్టుంది, మెత్తటి జిగురు గింజలు మీ వేళ్ళకీ పాప తొడలకీ అంటుకుంటాయి.

ఏమిటివి? గుండె ఝల్లుమంటుంది. కంగారు పడకండి, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. డైపర్ లోపల నింపే పొడి అది, పేరు సోడియం పాలీయాక్రిలేట్. తన బరువుకి ఎన్నో రెట్లు నీటిని పట్టుకుని జెల్లీగా మారుతుంది. దాంతోపాటు చెక్కగుజ్జు ఉంటుంది. ఒంటికి తగిలేవైపు పల్చటి ప్లాస్టిక్ పొర, బయటివైపు పాలిథీన్. రాత్రి తొమ్మిదింటి నుంచి పాప పోసిన ఉచ్చంతా ఈ గింజల్లోనే ఉంది. పక్క తడవకపోవడం అందుకే. మీరు ఇంతసేపు నిద్రపోగలిగిందీ అందుకే.

లైటు కిందికి తిప్పుతారు. ఎర్రగా ఉంది. గజ్జల నుంచి పిరుదుల దాకా ఒరుసుకుపోయింది. వేలు తగిలిందో లేదో, పాప కాళ్ళు ముడుచుకుని కెవ్వుమంటుంది.

ప్యాకెట్లో చెయ్యి పెడతారు. ఒక్కటే ఉంది. వీధి చివర మెడికల్ షాపు తొమ్మిదింటికి గాని తెరవరు.

ఇదే వేసేస్తారా?

గుమ్మం దగ్గర అలికిడి. అత్తగారు. కాన్పుకని తెనాలి నుంచి వచ్చిన మనిషి, ఇంకా వెళ్ళలేదు. చేతిలో పాత నేతచీర చించి కుట్టిన ముక్కలు, నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. "పొత్తిగుడ్డలు ఉతికి దాచాను బాబూ. తెల్లారేదాకా దానికి కాస్త గాలి తగలనివ్వండి."

గుడ్డ కడితే ఆ ఎరుపు తగ్గిపోతుందా అని మీకు అనుమానం. ఉండాల్సిన అనుమానమే. ఉచ్చా దొడ్డీ కలిసి ఒంటిమీద ఎక్కువసేపు ఉంటే, దొడ్డిలోని ఎంజైములు ఆ లేతచర్మాన్ని తినేస్తాయి. తడిసిన గుడ్డని అలాగే వదిలేసినా ఇదే జరుగుతుంది. నిజం చెప్పాలంటే గుడ్డతో ఇంకా తొందరగానే జరుగుతుంది, తడిని ఒంటికి దూరంగా లాక్కునే పొడి అందులో లేదు కదా. గుడ్డ మంచిదా ప్లాస్టిక్ మంచిదా అని ఇంట్లో ఎంత వాదించుకున్నా, ర్యాష్‌కి మొదటి మందు ఒకటే: మార్చడం, ఆరనివ్వడం.

గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, అద్ది, గుడ్డ వదులుగా కడతారు. అరగంట కాకుండానే తడిసింది. మార్చారు. మళ్ళీ తడిసింది. మీ నిద్ర పోయిందనుకోండి, కానీ ఒక సంగతి మీకు మొదటిసారి తెలుస్తోంది: పాప ఎప్పుడు పోసిందో చేతికి తెలుస్తోంది. మొన్న డాక్టరు "రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది?" అని అడిగితే మీరూ మీ ఆవిడా మొహమొహాలు చూసుకున్నారు. ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ పోస్తుంటే పాలు చాలుతున్నట్టు లెక్క. ఉబ్బిన డైపర్ ఆ లెక్క చెప్పదు.

పొద్దున్నే చెత్త ఆటో విజిల్. నల్ల కవరు పట్టుకుని మూడంతస్తులూ దిగుతారు. ఆటోలో నిలబడ్డ ఆవిడ కవరు అందుకుని, మీ కళ్ళముందే ముడి విప్పి, చెయ్యి లోపల పెడుతుంది. తడిదొకవైపు, పొడిదొకవైపు. నిన్నటి డైపర్లు ఒక్కొక్కటే ఆమె చేతిలోంచి వెళ్తున్నాయి. గ్లవ్స్ లేవు. రాత్రిది ఊడి తెరుచుకుంది.

"సార్, గివి పేపర్ల చుట్టి అలగ్ ఇయ్యుండ్రి. మేమే చేత్తోటి తియ్యాలె."

మీరు తల దించుకుంటారు. డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. చుట్టడానికి కవర్లు తయారీదారే ప్యాకెట్‌తోపాటు ఇవ్వాలనీ చెప్పాయి. పైకి వెళ్ళి మీ ప్యాకెట్ తలకిందులుగా దులిపి చూడండి, ఏమీ రాలదు. ఇక్కణ్ణించి మీ నల్ల కవరు ప్రయాణం నగర శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా. అక్కడ ఆ ప్లాస్టిక్ వందల ఏళ్ళుంటుందని అంచనా. మిమ్మల్ని ఇప్పుడు కుదుపుతున్నది ఆ వందల ఏళ్ళు కాదు. మరుగుదొడ్లోకి పోవాల్సింది ఒక మనిషి చేతికి వెళ్ళింది, అదీ మీ ఇంటి నుంచి.

సాయంత్రం మీరు పిల్లల బట్టల కొట్లో ఉన్నారు. బల్ల మీద రంగురంగుల క్లాత్ డైపర్లు, ఏనుగులు, పుచ్చకాయ ముక్కలు. ముందు టిచ్ బటన్ల వరసలు. పాప పెరిగేకొద్దీ వరస మార్చుకుంటూ పోవచ్చట. కొట్టు కుర్రాడు అసలు సరుకు బయటికి తీస్తాడు: "కాంబో తీసుకోండి సార్. ఇరవై నాలుగు. మళ్ళీ కొనే పనే ఉండదు."

ఫోన్లో లెక్క వేస్తారు. డైపర్ పన్నెండు రూపాయలు, రోజుకి ఆరు. నెలకి 2,160. రెండేళ్ళకి యాభై వేలు దాటింది. ఇవేమో ఒక్కోటి ఐదొందలు, ఇరవై నాలుగింటికి 12,000. ఇంకా ఆలోచించేదేముంది? చెయ్యి జేబులోకి పోతోంది.

ఆగండి.

పాప తొడలు సన్నం, ఈ ఎలాస్టిక్ ఆనుతుందో లేదో తెలీదు. వాన పడుతోంది, ఎక్కడ ఆరేస్తారో తెలీదు. పక్కింట్లో ఇలాంటి కాంబోయే అటక మీద ఉందని మీ ఆవిడ చెప్పింది కూడా. మూడు తీసుకోండి. కుర్రాడి మొహం చిన్నబోతుంది, పోనీండి. లోపలి ప్యాడ్ దేనితో చేసిందో అడగండి. మైక్రోఫైబర్ అయితే నేరుగా ఒంటికి తగలకూడదు, చర్మాన్ని పొడిబారుస్తుంది. కవర్లో ఉన్న జేబులోకే దూర్చాలి. పై కవరు తడిమి చూడండి, జారుడుగా ఉంది కదూ. పాలియెస్టర్ గుడ్డకి పల్చటి పాలీయురేథేన్ పొర అతికించారు. అదీ ప్లాస్టిక్కే. ప్రకృతి, పచ్చదనం అని అట్టపెట్టె మీద ఎన్ని ఆకులు వేసినా, తేడా అల్లా మళ్ళీ మళ్ళీ వాడటంలోనే.

ఇంటికొచ్చి కొత్త కాటన్ ప్యాడ్ కుళాయి కింద పట్టారు. నీటిబొట్టు పైన నిలిచి, అటూ ఇటూ ఊగి, జారి సింకులో పడింది. మోసపోయామా? అత్తగారు పక్కనే ఉన్నారు. "కొత్త తువ్వాలు ఒళ్ళు తుడుస్తుందా బాబూ?" పత్తికి సహజంగా ఉండే మైనం పోవాలి. నాలుగైదు ఉతుకులు పడితే గాని ప్యాడ్ తాగడం మొదలుపెట్టదు. ఈ ముక్క తెలియక మొదటిరోజే తొడిగి, కారిపోయిందని విసిరికొట్టేవాళ్ళే ఎక్కువ.

ఉతికి తొడుగుతారు. ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి. పొట్ట దగ్గర రెండు వేళ్ళు దూరాలి. తొడ దగ్గర సందు కనిపించకూడదు. లోపలి గుడ్డ అంచు ఒక్క పిసరు బయటికొచ్చినా తడి దాన్ని పట్టుకుని గౌను దాకా పాకుతుంది. రెండు మూడు గంటలకోసారి మారుస్తున్నారు. ఇల్లు కాబట్టి బాగానే సాగుతోంది.

ఇవాళ పద్నాలుగు వారాల టీకా. పాప తొడకి సూది పడింది, తాకనివ్వడం లేదు. నొప్పి పుడుతుందని ఆ వైపు టిచ్ బటను ఒక వరస వదులు చేశారు. తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ బస్సు. వాన. ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలిచాయి. బస్సు కదలదు.

మీ ఒళ్ళో పాప ఉన్నట్టుండి ఊరుకుంది.

మొహం ఎర్రబడుతోంది. ముక్కుతోంది. పక్కసీట్లో ఇస్త్రీ చీర ఆవిడ చూస్తోంది. చిన్న శబ్దం. మీ తొడ మీద వెచ్చన.

కారిందా? చెయ్యి పెట్టండి. వెనక ఎలాస్టిక్ గట్టిగానే ఉంది. ఈ వైపు తొడ పొడి. ఆ వైపు? సూది వైపు? వేలు పసుపుపచ్చ. మీ ప్యాంటుకీ అంటింది. పాప ఏడుస్తోంది. వాసన. పక్కావిడ కొంగు దగ్గరికి లాక్కుంది.

లేవలేరు. చోటు లేదు. ఇక్కడే మార్చాలి. సంచీ. తడిగుడ్డ. తుడవండి. జిప్ సంచీ పళ్ళతో లాగండి. పాడైంది అందులోకి. ఇంకా ఏముంది సంచీలో? ఉతికిన క్లాత్ డైపర్ ఒకటి. ఆ రాత్రి మిగిలిపోయిన డిస్పోజబుల్ ఒకటి.

ఏది?

డిస్పోజబుల్ తియ్యండి. ఇల్లు ఇంకా గంట దూరం. ఇక్కడ పట్టుదల అక్కర్లేదు. ప్రయాణానికీ, రాత్రి నిద్రకీ, విరేచనాలు పట్టుకున్న రోజుకీ అదే నయం. పగలు ఇంట్లో వాడే నాలుగు తగ్గినా, ఆ ఆటో ఆవిడ చేతికి వెళ్ళేవి నాలుగు తగ్గుతాయి. పక్కావిడ, ఎవరో ఏమో, ఈలోగా పాపని ఎత్తి పట్టుకుంది. "మా మనవడూ ఇంతే" అంటోంది.

ఇల్లు. జిప్ సంచీ మీ చేతిలో ఉంది. అత్తగారు చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వండి బాబూ, నేను చూస్తాగా." మీ ఆవిడ ఏమీ అనలేదు. మీకేసి మాత్రం చూసింది.

ఇవ్వకండి. నేరుగా బాత్రూంలోకి నడవండి. కమోడ్ మీద పట్టుకుని హెల్త్ ఫాసెట్‌తో కొట్టండి. తల్లిపాలు తాగే పాప దొడ్డి పల్చన, ఇట్టే పోతుంది. ఆరు నెలల తర్వాత అన్నం మొదలుపెట్టాక గట్టిపడుతుంది, దులిపితే రాలుతుంది. చన్నీళ్ళతో ఒకసారి జాడించాక మెషిన్లోకి. సబ్బుపొడి ఎక్కువైతే గుడ్డలోనే పేరుకుంటుంది. సువాసన కోసం పోసే సాఫ్ట్‌నర్ అసలొద్దు, అది పోగులకి పూతలా పట్టి నీటిని తాగనివ్వదు. పై కవరు మరిగించకండి, పొర ఊడిపోతుంది.

చేతులు కడుక్కుంటూ మీరు అడగబోయే ప్రశ్న తెలుసు. ఇన్ని నీళ్ళు, సబ్బు, కరెంటు పోస్తే భూమికి ఒరిగేదేముంది? బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 అధ్యయనంలో రెండున్నరేళ్ళ వాడకానికి డిస్పోజబుల్స్ 550 కిలోల కార్బన్ లెక్క, గుడ్డవి 570. అంటే గుడ్డ ఓడింది. బయట ఆరేసి, మెషిన్ నిండా వేసి, అవే రెండో బిడ్డకి కూడా వాడితే గుడ్డ లెక్క నలభై శాతం తగ్గింది. ఆ దేశంలోనే 2023లో వచ్చిన మరో అధ్యయనం గుడ్డవాటికి పాతిక శాతం మొగ్గు చూపింది. వాళ్ళకి పెద్ద ఖర్చు వేడినీళ్ళు, బట్టలారబెట్టే యంత్రం. మీకు డాబా మీద తీగ ఉంది. ఎండాకాలం ట్యాంకర్ కొనే వీధిలో ఉంటే మాత్రం ఈ లెక్క మీరే మళ్ళీ వేసుకోవాలి.

తీగ ఉంది గాని ఎండ లేదు. మందపాటి ప్యాడ్లు ఫ్యాను కింద రెండోరోజుకీ చెమ్మగానే ఉన్నాయి. అత్తగారి నాలుగు మడతల చీరముక్కలు విప్పి ఆరేస్తే పూటలో ఆరిపోయాయి. వానాకాలంలో పై కవర్లోకి అవే మడిచి దూర్చండి. ఈ చిట్కా ఏ అట్టపెట్టె మీదా రాసి ఉండదు.

కాబట్టి కొట్టుకి వెళ్ళేముందు ఇంట్లో ఒక్క మాట తేల్చుకోండి: ఉతికేదెవరు? ఆ పేరు అత్తగారిదో, పనమ్మాయిదో, పచ్చి బాలింతదో అయితే డిస్పోజబుల్సే కొనండి. దొడ్డి కమోడ్‌లో దులిపి, పేపర్లో చుట్టి, విడిగా ఇవ్వండి. మీ పేరే అయితే మూడు కొనండి.