నూజివీడు ఆసుపత్రి – మాంసాహార ప్రశ్న

1925లో సెవెంత్‌డే అడ్వెంటిస్టు మిషను నూజివీడులో ఆసుపత్రి స్థాపించింది. అదే గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి. ఆ సంఘపు ఆరోగ్య బోధకు ఎలెన్ వైట్ 1863 నాటి దర్శనం మూలం. ఆదికాండము 1:29 ఆధారంగా ఆ సంఘం శాకాహారాన్ని ప్రోత్సహిస్తుంది గాని, సభ్యత్వానికి షరతుగా పెట్టదు.

2013లో వెలువడిన ఉత్తర అమెరికా అడ్వెంటిస్టుల అధ్యయనంలో శాకాహార పద్ధతులు పాటించినవారి మరణాల రేటు సుమారు 12 శాతం తక్కువగా కనబడింది. వారిలో చేపలు తినేవారు, అరుదుగా మాంసం తినేవారు కూడా ఉన్నారు. కావున మాంసం అనివార్యం కాదు. అయితే పాలు, గుడ్లు సైతం ముట్టనివారికి బి12 విటమిను వేరుగా అందాలి.

మన దేశంలో మాంస నిషేధం కులశుద్ధితో ముడిపడి దళితులను కించపరచింది. రోమా 14:3 తినువాని తృణీకారాన్ని, తిననివాని తీర్పును రెండింటినీ వారిస్తుంది. కాబట్టి కాపరి ఆహారాన్ని ఆరోగ్యవిషయంగా బోధించాలి. పరిశుద్ధతకు కొలబద్దగా కాదు.