50 మీటర్ల పిస్టల్ పోటీ: ఒక నైపుణ్యం చరిత్ర (1896–2016)

ఉపోద్ఘాతం

క్రీడల చరిత్రను విజేతల పేర్లతో, పతకాల లెక్కతో చెప్పడం పరిపాటి. కాని ఒక క్రీడలోని నైపుణ్యం ఎలా ఎదిగింది, దాని వేదిక ఎందుకు తొలగిపోయింది అనేవి కూడా చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నలే. 50 మీటర్ల పిస్టల్ పోటీని ఉదాహరణగా తీసుకొని ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఆవిర్భావం

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఫ్రీ పిస్టల్ పోటీ 30 మీటర్ల దూరంలో జరిగింది. అమెరికాకు చెందిన సమ్నర్ పేన్ గెలిచాడు. 1900లో పారిస్‌లో ఆ దూరం 50 మీటర్లయింది. 1912, 1920లలో మళ్ళీ కనిపించిన ఈ పోటీ, 1936 బెర్లిన్ నుంచి 2016 రియో దాకా జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ కొనసాగింది. ఆయుధ నిర్మాణంపై ఆంక్షలు తక్కువ కాబట్టే దీనికి ‘ఫ్రీ’ అనే పేరు వచ్చింది. పిడిని షూటర్ చేతికి సరిపోయేలా చెక్కుకోవచ్చు. అయితే దూరాన్ని దగ్గరగా చూపే అద్దాలు బిగించకూడదు. నిలబడి, ఒంటిచేత్తో కాల్చాలి.

దూరం తెచ్చిన సమస్య

ఈ పోటీ ఎందుకు కఠినమైనదో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. పిస్టల్ ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 50 మీటర్లు దానికి 250 రెట్లు. అంటే రెండు సైట్ల అమరికలో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే, తూటా 25 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. టార్గెట్‌పై 10 పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లే. కనుక వెంట్రుక మందమంత పొరపాటు కూడా తూటాను ఆ వలయం అంచుకు చేరుస్తుంది. దీనికి భిన్నంగా, సైట్లు సరిగా కలిసి ఉండి చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, తూటా కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది.

కన్ను ఒకేసారి వెనుక సైటును, ముందు సైటును, టార్గెట్‌ను స్పష్టంగా చూడలేదు. కాబట్టి శిక్షణలో ఒక సూత్రం స్థిరపడింది: చూపు ముందు సైటుపై నిలపాలి, టార్గెట్ మసకగా కనిపించినా ఫరవాలేదు. నల్లటి వృత్తం మధ్యను కాక దాని కింది భాగాన్ని గురిచూడడం, సైట్ల అమరిక చెదరకుండా ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం కూడా ఈ అవగాహన నుంచి వచ్చిన పద్ధతులే.

స్కోర్లు చెప్పే విషయం

60 తూటాలకు గరిష్ఠంగా 600 పాయింట్లు. 1936లో స్వీడన్‌కు చెందిన టోర్‌స్టెన్ ఉల్మాన్ 559 సాధించాడు. 1980 మాస్కోలో సోవియట్ షూటర్ అలెగ్జాండర్ మెలెన్‌త్యెవ్ 581 చేశాడు. ఆ రికార్డు 34 ఏళ్ళు నిలిచింది. 2014లో గ్రనాడాలో దక్షిణ కొరియాకు చెందిన జిన్ జోంగ్-ఓ 583తో దాన్ని దాటాడు. అక్కడ రజతం భారత్‌కు చెందిన జీతూ రాయ్‌ది. మొదటి 44 ఏళ్ళలో 22 పాయింట్లు పెరగగా, తరువాతి 34 ఏళ్ళలో పెరిగినవి రెండే. మానవ సామర్థ్యపు హద్దును ఈ క్రీడ దాదాపుగా తాకిందని దీన్నిబట్టి భావించవచ్చు.

జిన్ 2008, 2012, 2016లలో వరుసగా స్వర్ణాలు గెలిచాడు. రియో ఫైనల్‌లో ఒక తూటాకు 6.6 మాత్రమే వచ్చినా తేరుకొని గెలిచాడు.

సమానత్వ ప్రశ్న

1968లో స్త్రీలు ఒలింపిక్ షూటింగ్‌లో పురుషులతో కలిసి పోటీపడ్డారు. 1984లో వారికి విడిగా పోటీలు మొదలయ్యాయి. వాటిలో 25 మీటర్ల పిస్టల్ ఉంది, 50 మీటర్లది లేదు. స్త్రీ పురుషులకు సమాన సంఖ్యలో పోటీలు ఉండాలన్న విధానం వచ్చినప్పుడు రెండు దారులు ఉన్నాయి: స్త్రీలకు ఈ పోటీ కల్పించడం, లేదా పురుషులకు తీసివేయడం. 2017లో రెండవదాన్ని ఎంచుకున్నారు. దాని స్థానంలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిశ్రమ జట్టు పోటీ వచ్చింది.

అయితే 2023లో బాకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్త్రీలకు కూడా 50 మీటర్ల పోటీ జరిగింది. భారత్‌కు చెందిన తియానా స్వర్ణం గెలిచింది. స్త్రీలను ఇంతకాలం దూరంగా ఉంచినది సామర్థ్యలోపం కాదని ఇది తెలుపుతుంది.

సారాంశం

నైపుణ్యాలు సాధనతో ఎదుగుతాయి. వాటికి వేదిక ఉండాలా వద్దా అన్నది మాత్రం సంస్థల నిర్ణయాలపై ఆధారపడుతుంది. సమానత్వం న్యాయమైన లక్ష్యమే. దాన్ని చేరడానికి ఎంచుకున్న మార్గాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సమానత్వ సాధనకు 2017లో ఎంచుకున్న మార్గాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలతో పది వాక్యాలలో రాయండి.