డీజిలు ఇంజను ఏల కాగిపోవును?

వేసవిలో గోదావరిఖని రోడ్డు ప్రక్కన బానెట్టు ఎత్తి నిలిపిన పాత లారీని చూడని విద్యార్థి ఉండడు. రేడియేటరు మూత వద్ద ఆవిరి బుసకొట్టుచుండును. డ్రైవరు నీళ్ల డబ్బా పట్టుకొని ప్రక్కన నిలుచుండును. "ఇంజను కాగింది" అని అందరును అందురు. కాని కాగుట రోగము కాదు, రోగలక్షణము మాత్రమే. జ్వరమునకు కారణము వెదకినట్లే దీనికిని వెదకవలెను. ఏ వరుసలో వెదకవలెనో తెలిసికొనుటకు ఇంజను చరిత్ర మనకు తోడ్పడును.

1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో అక్కడ త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడెను. గోదావరిఖని గనులు 1960ల నుండి పెరిగినవి. సింగరేణి బొగ్గు తొలి దశాబ్దములలో ముఖ్యముగా ఆవిరి యంత్రములను నడిపెను. ఆవిరి యంత్రములో నిప్పు బాయిలరు క్రింద మండును. సిలిండరులోనికి ఆవిరి మాత్రమే వచ్చును. డీజిలు ఇంజనులో నిప్పు సిలిండరు లోపలనే మండును. మండునపుడు అచ్చటి వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలము 2000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును. పోత ఇనుము 1200 డిగ్రీల వద్దనే కరగును. మరి సిలిండరు కరగక ఎట్లు నిలుచుచున్నది? దాని చుట్టును నీరు తిరుగుచుండుట చేత.

ఈ సంగతిని మొదట ఒప్పుకొననివాడు ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే. 1893లో అతడు తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. నీటికి పోవు ఉష్ణమంతయు దండుగ అనియు, తన ఇంజనుకు నీటి తొడుగు అక్కరలేదనియు అతడు భావించెను. ఆ సంవత్సరము జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున నిర్మించిన తొలి ఇంజనుకు నీటి తొడుగు లేదు. అది పని చేయలేదు. ప్రయోగములు సాగిన కొలది డీజిలు తన పట్టు సడలించి నీటి తొడుగును చేర్చెను. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసరు ష్రోటరు పరీక్షించిన ఇంజను, ఇంధనములోని శక్తిలో 26 శాతమును పనిగా మార్చెను. ఆనాటి ఆవిరి యంత్రములు ఇందులో సగమును కూడ అందుకొనుట అరుదు.

తరువాత వచ్చిన లారీ ఇంజనులలో లెక్క స్థూలముగా ఇట్లుండును: ఇంధనపు శక్తిలో మూడవ వంతు చక్రములకు, మూడవ వంతు పొగతో బయటికి, మిగిలినదానిలో హెచ్చు భాగము నీటికి పోవును. 1954లో జంషెడ్‌పూరులో టాటా సంస్థ, డైమ్లర్-బెంజ్ సహకారముతో తయారుచేయ మొదలుపెట్టిన ముక్కు లారీ ఇంజను సుమారు 100 అశ్వశక్తి గలది, అనగా 75 కిలోవాట్లు. ఇట్టి ఇంజను పూర్తి బరువుతో నడచునపుడు నీటికి పోవు ఉష్ణము 60 కిలోవాట్లు అనుకొందము. మరుగుచున్న నీటికి ఇంత ఉష్ణము అందినచో గంటకు దాదాపు 95 లీటర్ల నీరు ఆవిరియైపోవును!

తొలి మోటారు బండ్లలో నిజముగా ఇట్లే జరిగెడిది. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడుచక్రాల బండిలో నీరు మరిగి ఆవిరియగుటయే చల్లార్చు పద్ధతి. దారి పొడవునను నీరు పోయవలసి వచ్చెడిది. 1900 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాకు తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించెను. అందులో 8,070 సన్నని గొట్టములుండెను. వాటి లోపల గాలియు, చుట్టును నీరును పోవుటచే అదే నీటిని మరల మరల వాడుకొనుట సాధ్యమాయెను. పూర్వపు కొన్ని బండ్లలో వేడినీరు పైకి, చల్లని నీరు క్రిందికి తమంత తామే పోయెడివి. ఫోర్డు టి బండి ఇందుకు ప్రసిద్ధము. పెద్ద ఇంజనులకు ఆ వేగము చాలక పంపును అమర్చిరి. ఆ పిమ్మట థర్మోస్టాటు, బిగుతు మూత వచ్చినవి.

ఇప్పుడు పాత లారీ వద్దకు మరల వత్తము. నిప్పునుండి బయటి గాలి వరకు ఉష్ణమునకు ఒక దారి ఉన్నది: నిప్పు, ఇనుము, నీరు, రేడియేటరు, గాలి. ఇంజను కాగినదనగా ఈ దారిలో ఎచ్చటనో అడ్డు పడినదన్న మాట. చివరనుండి మొదటికి, సులువైనదానినుండి కష్టమైనదానికి పరీక్షించుకొని రావలెను.

మొదట గాలి. రేడియేటరులోని నీరు 90 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు అయినచో వాటి భేదము 60. రామగుండము వేసవిలో గాలి 45 డిగ్రీలకు చేరిన దినమున ఆ భేదము 45 మాత్రమే. అనగా ఏ లోపము లేకున్నను రేడియేటరు శక్తిలో నాలుగవ వంతు తగ్గినది. చలికాలమున దాగియున్న చిన్న లోపము మే నెలలో బయటపడుటకు కారణమిదియే. దీనికి బొగ్గు దుమ్ము తోడగును. దుమ్ము, నూనె కలిసి రేడియేటరు రెక్కల నడుమ ముద్దగా గట్టిపడును. లోనికి వచ్చిన దుమ్మును వచ్చిన దారినే పంపవలెను: ఫ్యాను వైపునుండి ముందునకు, రెక్కలు వంగనంత మెల్లగా గాలియో నీరో కొట్టవలెను. ఫ్యాను బెల్టు వదులైనదేమో చూడవలెను. అనేక ఇంజనులలో ఆ బెల్టే నీటి పంపును కూడ త్రిప్పును.

రెండవది నీటి ప్రవాహము. నీటి మట్టము, గొట్టముల కారుడు చూడవలెను. క్రింది గొట్టము మెత్తబడినచో పంపు పీల్పుకు నొక్కుకొనిపోవును. ఇంజను కాగియు రేడియేటరు చల్లగానే ఉన్నచో థర్మోస్టాటు మూసికొనిపోయి ఉండవచ్చును. దానిని విప్పి వేడినీటిలో వేసినచో, దానిపై వ్రాసిన ఉష్ణోగ్రత వద్ద తెరచుకొనవలెను. పలువురు దానిని తీసి పారవేయుదురు. ఇది పొరపాటు. కొన్ని ఇంజనులలో అప్పుడు నీరు రేడియేటరు చేరకయే ప్రక్కదారిన తిరిగి వచ్చి, కాగుట హెచ్చును. మరికొన్నిటిలో ఇంజను చాలినంత వేడెక్కక అరుగుదలయు, నూనె ఖర్చును పెరుగును.

మూడవది సున్నపు పొర. ఇంటిలో నీళ్లు కాచు పాత్ర అడుగున పేరుకొను తెల్లని పొరను విద్యార్థులెరుగుదురు. కఠినజలము పోసిన ఇంజనులోనను అదే జరుగును. ఈ పొర ఉష్ణమును పోత ఇనుము కంటె దాదాపు 20 రెట్లు తక్కువగా ప్రసరింపజేయును. ఒక మిల్లీమీటరు పొర ఇరువది మిల్లీమీటర్ల ఇనుప గోడతో సమానమన్న మాట. కాబట్టి బోరు నీటికంటె, అయాన్లు తొలగించిన నీటిలో తగిన కూలెంటు కలిపి పోయుట మేలు.

చివరిది నిప్పు. నల్లని పొగ వచ్చుచున్నచో ఇంధనము హెచ్చైనదో, గాలి ఫిల్టరు పూడినదో చూడవలెను. చల్లని ఇంజనుపై మూత తీసి స్టార్టు చేసినప్పుడు నీటిలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో, హెడ్డు గాస్కెట్టు దెబ్బతిని మండిన వాయువులు నీటిలోనికి దూరుచున్నవని అనుమానింపవచ్చును. ఇక పని మెకానిక్కుది.

ఒక హెచ్చరిక. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడి నిలుపు మూత క్రింద నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరగదు. ఆ మూతను తటాలున తీసినచో ఒత్తిడి పోయి, 100 డిగ్రీలు దాటిన ఆ నీటిలో కొంత భాగము ఒక్కసారిగా ఆవిరియగును. ఆవిరియైన నీరు సుమారు 1600 రెట్లు వ్యాపించును. ముఖము, చేతులు కాలిన డ్రైవర్ల కథలకు మూలమిదే. ఇంజను బాగుగా చల్లారువరకు మూత ముట్టరాదు. కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు. పోత ఇనుము పగులును.

డీజిలు కన్న కల మరల 1980లలో అమెరికాలో మేలుకొనెను. కమిన్స్ సంస్థ, అమెరికా సైన్యముతో కలిసి, రేడియేటరు లేని ఇంజనును లారీకి అమర్చి నడిపెను. కాని నీటికి పోకుండ ఆపిన ఉష్ణములో ఎక్కువ భాగము చక్రములకు చేరక పొగతో బయటికే పోయెను. ఒక దారి మూసినచో ఉష్ణము మరొక దారి వెదకును. ఉపాధ్యాయులు ఉష్ణప్రసరణ పాఠము చెప్పునాడు పిల్లలను దగ్గరలోని మెకానిక్కు షెడ్డునకు తీసికొనిపోయి, విప్పిన రేడియేటరును, సున్నము పట్టిన హెడ్డును చూపినచో బాగుండును. పుస్తకములోని ఆ పాఠము వారికి అక్కడ కంటికి కనబడును.