సర్వర్లలో మెమరీ కేటాయింపు

సర్వర్‌పై నడిచే ప్రోగ్రాములకు ర్యామ్‌ను పంచి, పని తీరాక వెనక్కి తీసుకునే ఏర్పాటే మెమరీ కేటాయింపు. భారం ఒక్కసారిగా మీద పడేచోటే దీని విలువ తెలుస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను నెలల ముందే, ప్రకటించిన తేదీన, ప్రకటించిన గంటకు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. భక్తులు ఆ నిమిషానికే ఎగబడతారు. ఇలాంటి సేవలో వచ్చే ప్రతి ఒక్కరికీ సెషన్, బఫర్, డేటాబేస్ కనెక్షన్ల రూపంలో కొంత మెమరీ కావాలి. కాబట్టి సగటు రోజు లెక్క ఇక్కడ పనికిరాదు, ఆ గంట లెక్కే చూడాలి.

లినక్స్‌లో ప్రోగ్రాము అడిగిన మెమరీ అంతా వెంటనే చేతికి రాదు. సాధారణంగా 4 కిలోబైట్లుండే పేజీ అనే మెమరీ ముక్క, దానిలో తొలిసారి రాసినప్పుడే నిజంగా దక్కుతుంది. అందుకే కెర్నెల్ ఉన్నదానికన్నా ఎక్కువకు మాట ఇవ్వగలదు. అందరూ ఒకేసారి వాడబోతే చాలక, కెర్నెల్‌లోని ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ ఒక ప్రాసెస్‌ను ఆపేస్తుంది. ఎక్కువ మెమరీ పట్టినదే సాధారణంగా బలవుతుంది, అది డేటాబేసే కావచ్చు.

లినక్స్‌లో వాడే సి లైబ్రరీ జీలిబ్‌సీలో మెమరీ కేటాయించే ఫంక్షన్ మాలక్, థ్రెడ్ల పోటీ తగ్గించడానికి 64 బిట్ యంత్రాలపై కోర్‌కు 8 చొప్పున దాకా అరీనాలను (విడివిడి మెమరీ నిల్వలను) తెరుస్తుంది. వాటిలో ఖాళీలు ముక్కలై చిక్కుకుపోతే, లీకేజీ లేకున్నా ప్రాసెస్ ఉబ్బుతుంది. అరీనాల పరిమితిని 2కు తగ్గించడం, జెమాలక్ అనే మరో కేటాయింపు లైబ్రరీకి మారడం వాడుకలో ఉన్న పరిష్కారాలు. జావాలో హీప్ (ప్రోగ్రాము ఆబ్జెక్టులుండే మెమరీ) కనిష్ఠ, గరిష్ఠ పరిమాణాలను సమానం చేస్తే, రద్దీ నడుమ హీప్‌ను పెంచే పని తప్పుతుంది.